ఎనిమిదో ఎక్కం

అతని కింద పనిచేసే పదకొండుమందీ కలిసి అతనికి పెట్టిన పేరు ఎనిమిదో ఎక్కం. ఆ పేరు ఒకరోజు అతని చెవినే పడింది. ఇంకొకడైతే సిగ్గుపడేవాడు, లేదా కనీసం కోపమైనా తెచ్చుకునేవాడు. అతనికి మాత్రం లోలోపల ముచ్చటేసింది. ఎనిమిది విలువ తెలిసినవాణ్ణని ఆఖరికి ఈ మొద్దులు కూడా ఒప్పుకున్నారన్నమాట, అనుకున్నాడు. అలాంటి మనిషి.

అతను ఒక పెద్ద కంపెనీలో నెట్‌వర్కు విభాగానికి పెద్ద. ఆ కంపెనీలోని కంప్యూటర్లన్నిటినీ కలిపే లైన్లు అతని చేతి కిందే ఉండేవి. పనొచ్చు, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ పనొచ్చినవాళ్ళు లోకంలో చాలామంది ఉన్నారు, వాళ్ళు పక్కవాళ్ళని కూడా కాస్త ఊపిరి పీల్చుకోనిస్తారు. ఇతనికి ఆ అలవాటు లేదు.

ఇంతకీ అతనికి తెలిసిన ఆ బ్రహ్మరహస్యం ఏమిటంటే, నెట్ కంపెనీలవాళ్ళు లైను వేగాన్ని బిట్లలో చెప్తారు. మనం పంపే ఫైళ్ళ సైజేమో బైట్లలో ఉంటుంది. ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైటు. కాబట్టి సెకనుకు వంద మెగాబిట్లని అమ్మిన లైను మీద వచ్చేది పన్నెండున్నర మెగాబైట్లే. అంతే సంగతి. అయిదో తరగతి పిల్లకి చెప్తే రెండు నిమిషాల్లో అర్థం చేసుకుని ఆడుకోడానికి పోతుంది. ఇతను మాత్రం దాన్ని పాతికేళ్ళుగా నెత్తిన కిరీటంలా పెట్టుకుని తిరుగుతున్నాడు.

ఉద్యోగానికి వచ్చినవాళ్ళని కుర్చీలో కూర్చోకముందే "ఎనభై అయితే ఎంత?" అని అడిగేవాడు. పది అన్నవాడు కూర్చునేవాడు. కంగారులో సున్నా తీసేసి ఎనిమిది అన్నవాణ్ణి అట్నించి అటే పంపించేవాడు. లిఫ్టులో పై అంతస్తు ఆవిడ, పాపం, "మాకు కొత్తగా నూట యాభై పెట్టించామండీ, భలే ఉంది" అంటే "పద్దెనిమిది ముప్పావు" అనేసి తన అంతస్తులో దిగిపోయాడు. ఆవిడకి ఆ మాట ఏమిటో అర్థం కాలేదు, తిట్టాడని మాత్రం తెలిసింది. ఒకసారి పళ్ళ డాక్టరు ఇతని నోట్లో దూది కుక్కి, ఎక్స్‌రే కోసం చూస్తూ "మా దగ్గర మూడొందల లైనండీ, చిటికెలో వచ్చేస్తుంది" అన్నాడు. దూది నోటితోనే ఇతను "ముప్పై ఏడున్నర" అన్నాడు. డాక్టరు వయసు చెప్తున్నాడనుకుని, "అంతకంటే ఎక్కువే కనిపిస్తారే" అన్నాడు. ఆ డాక్టరు దగ్గరికి ఇతను మళ్ళీ వెళ్ళలేదు.

ఇక ఇంట్లో ఇద్దరున్నారు. ఒకరు భార్య, ఇంకొకరు మామగారు.

భార్య సినిమాలు ఎడిటింగు చేస్తుంది. జీతం కోసం ఇతరులు తీసినవి కత్తిరించి అతుకుతుంది. సబ్బుల ప్రకటనలు, ఫ్యాక్టరీల్లో కొత్తవాళ్ళకి చూపించే పాఠాలు, అలాంటివి. తన కోసం మాత్రం ఆరేళ్ళుగా ఒక్కటే సినిమా తీసింది. ఒక నది మీద వంతెన కడుతున్నారు. వంతెన పూర్తయితే అక్కడ పడవ నడిపే మొగుడూ పెళ్ళాలకి పని ఉండదు. ఆరేళ్ళూ సెలవు దొరికినప్పుడల్లా కెమెరా భుజాన వేసుకుని ఆ ఒడ్డుకి వెళ్ళి, ఆ ఇద్దరితో కూర్చుని, వాళ్ళతో పడవెక్కి, వాన పడితే వాళ్ళ రేకుల పాకలో పడుకుని తీసింది. సినిమా ఎంతవరకు వచ్చింది అని ఎనిమిదో ఎక్కం ఎప్పుడూ అడిగేవాడు కాదు. ఎన్ని జీబీ అయింది అని అడిగేవాడు.

ఆ సినిమా ఇప్పుడు రెండు గంటల నిడివితో తయారైంది. ఏటా జరిగే పెద్ద పోటీకి ముక్క పంపితే, వచ్చిన ఆరొందల్లోంచి పన్నెండింటిని ఏరారు. అందులో ఇదొకటి. ఆ పన్నెండింటినీ పెద్ద తెర మీద జనానికి వేసి చూపిస్తారు. పూర్తి నాణ్యత ఉన్న అసలు కాపీ ఆదివారం సాయంత్రం ఆరు గంటల లోపు తమ చేతికి రావాలని కమిటీవాళ్ళు రాశారు. నెట్‌లో పంపొచ్చు, డిస్కులో తెచ్చి ఇవ్వొచ్చు. ఆరు దాటితే ఆ చోటు పదమూడో సినిమాకి పోతుంది. ఆవిడకి నలభై మూడేళ్ళు. ఇంకో ఆరేళ్ళు పెట్టి ఇంకో సినిమా తీసే ఓపిక తనకి ఉండదని ఆవిడకి తెలుసు.

మామగారు ముప్పై నాలుగేళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో మెకానిక్కుగా పనిచేసి రిటైరయ్యారు. చివరి పదిహేనేళ్ళూ మోడెములు చూశారు. ఫోను తీగ మీద కంప్యూటర్లు కీచుకీచుమని మాట్లాడుకునే రోజులవి. అత్తగారు పోయాక నాలుగేళ్ళుగా కూతురి దగ్గరే ఉంటున్నారు. "అందరూ అల్లుణ్ణి ఇల్లరికం తెచ్చుకుంటారు, నేను మామగార్ని తెచ్చుకున్నాను" అని ఇంటికొచ్చిన ప్రతివాడి దగ్గరా ఎనిమిదో ఎక్కం ఈ జోకు వేసేవాడు. వచ్చినవాళ్ళు నవ్వేవాళ్ళు. మామగారూ నవ్వేవారు. భార్య ఒక్కసారి కూడా నవ్వలేదు, అతను ఒక్కసారి కూడా గమనించలేదు.

శనివారం సాయంత్రం అయిదింటికి సినిమా శబ్దానికి ఆఖరి మెరుగులు పూర్తయ్యాయి. ఫైలు తొమ్మిది వందల జీబీ అయింది. ఆవిడ మామూలుగా చేసే పనే చేసింది, ఇంకో డిస్కులోకి రెండో కాపీ పెట్టింది. ఎడిటింగు చేసేవాళ్ళెవరూ ఒక్క కాపీని నమ్ముకుని నిద్రపోరు. ఆ రెండో డిస్కు అరచేయంత ఉంటుంది. దాన్ని సొరుగులో పెట్టి భోజనాల బల్ల దగ్గరికి వచ్చింది.

"ఇప్పుడే మొదలుపెట్టేస్తానండీ పంపడం" అంది.

"వద్దు" అన్నాడు ఎనిమిదో ఎక్కం. "ఇవాళ మనది వంద లైను. రేపు పొద్దున్నే రెండొందలకి పెరుగుతోంది. నేనే చెప్పి మార్పించాను. ఇప్పుడు మొదలుపెడితే వాళ్ళు లైను మార్చేటప్పుడు మధ్యలో తెగుతుంది, మళ్ళీ మొదటికొస్తుంది. రేపు ఏడింటికి మొదలెడదాం."

"టైము చాలుతుందా?"

ఈ ప్రశ్న కోసమే అతను ప్రాణాలు ఉగ్గబట్టుకుని కూర్చుంటాడు. చెంచా కింద పెట్టి వేళ్ళు విడదీశాడు. "రెండొందల్ని ఎనిమిదితో భాగిస్తే పాతిక. సెకనుకు పాతిక మెగాబైట్లు. నీ ఫైలు తొమ్మిది వందల జీబీ, అంటే తొమ్మిది లక్షల మెగాబైట్లు. పాతికతో భాగించు. ముప్పై ఆరు వేల సెకన్లు. అంటే పది గంటలు. ఏడింటికి మొదలు, అయిదింటికి పూర్తి. ఇంకో గంట మన దగ్గర మిగిలే ఉంటుంది."

మామగారు పాత కవరు వెనక ఏదో రాసుకుంటున్నారు. కళ్ళజోడు ముక్కు మీదికి జార్చుకుని మెల్లగా అన్నారు. "అల్లుడుగారూ, నా లెక్కకి పన్నెండున్నర గంటలు వస్తోందండీ. సాయంత్రం ఏడున్నర అవుతుంది."

"ఎలా వచ్చింది?"

"సున్నా కొట్టేశానండీ. రెండొందలకి ఇరవై."

ఎనిమిదో ఎక్కం ముఖం వెలిగిపోయింది. ఇంట్లోనే, అదీ కంచం ముందే, ఇంత చక్కగా దొరుకుతారని అతను అనుకోలేదు. "మామయ్యగారూ, బైటుకి ఎన్ని బిట్లండీ?" అన్నాడు, చిన్నపిల్లల్ని అడిగే గొంతుతో.

"ఎనిమిదండీ."

"మరి పదితో ఎందుకు భాగించారు?"

"మా రోజుల్లో అక్షరానికి ఎనిమిదే, కానీ ముందొకటీ వెనకొకటీ ఎక్కించేవాళ్ళమండీ. వస్తోందని చెప్పడానికొకటి, అయిపోయిందని చెప్పడానికొకటి. అందుకని పది."

"ఆ మోడెముల్ని ఇప్పుడు పాతసామాన్లవాడు కూడా తీసుకోడు."

"నిజమేనండీ. ఆ రెండూ ఇప్పుడు లేవు. కానీ సరుకు పోవాలంటే పైన చిరునామా రాయాలి, మూట కట్టాలి, అందిందని అవతలివాడు తిరిగి చెప్పాలి. అవన్నీ కూడా అదే దారిన పోవాలి కదండీ. పైగా రేపు ఆఖరి రోజు. అవతలివాళ్ళ గుమ్మం దగ్గర మనలాంటివాళ్ళు ఎంతమంది మూటలు పట్టుకుని నిలబడి ఉంటారో ఏమో. రిటైరయ్యాక కూడా నేను సున్నా కొట్టేసే చూసుకుంటానండీ. పెద్దగా తప్పలేదు."

ఇక్కడొక సంగతి చెప్పాలి. దారిలో పోయే ఆ తరుగు ఎనిమిదో ఎక్కానికి తెలియనిది కాదు. ఆఫీసులో ఎవరైనా ఇదే ప్రశ్న అడిగి ఉంటే, నూటికి ఇరవై తీసేసి చెప్పేవాడు, తీయనివాణ్ణి తిట్టేవాడు. కానీ ఒకసారి మామగారి నోట్లోంచి వచ్చాక ఆ మాట నిజం కావడానికి వీల్లేదు. రేకుల షెడ్డులో టంకం పెట్టుకుని బతికిన మనిషి చెప్తే తను సరిదిద్దుకోవడమా?

"తరుగు సంగతి నాకొదిలెయ్యండి. దానికే ఆ గంట ఉంది" అన్నాడు.

"పోనీ, ఎందుకైనా మంచిది, ఆ రెండో డిస్కు పట్టుకుని నేను పొద్దున బస్సులో వెళ్ళనా? కమిటీవాళ్ళ ఊరికి ఆరు గంటల ప్రయాణం. మధ్యాహ్నానికి ఇచ్చేస్తాను."

ఎనిమిదో ఎక్కం పొలమారేంత నవ్వాడు. కళ్ళ నీళ్ళు తుడుచుకుని, మళ్ళీ నవ్వాడు. "వెలుతురు తీగలో సినిమా పోయే రోజుల్లో సంచీలో పెట్టుకుని బస్సెక్కుతారా? మీరు కునికిపాట్లు పడుతూ దాన్ని సీటు మీద వదిలేసి దిగుతారు, అది వేరే ఊరు పోతుంది. ఎల్లుండి ఆఫీసులో మా వాళ్ళకి చెప్పాలి ఇది. పడీ పడీ నవ్వుతారు."

లేచి వెళ్ళి ఫ్రిజ్ మీది తెల్ల పలక మీద పెద్ద అక్షరాలతో రాశాడు. మొదలు 7, పూర్తి 5. పెన్ను అక్కడే పెట్టాడు. మామగారు మంచినీళ్ళ సీసా పెట్టడానికి వెళ్ళి, ఆ పెన్ను తీసుకుని, దాని కింద చిన్నగా 7.30 అని రాసి, మూత పెట్టారు. అది ధిక్కారమేమీ కాదు. ఎక్స్ఛేంజీలో ఇద్దరికి రెండు లెక్కలు వస్తే రెండూ రాసిపెట్టుకోవడం ఆయన అలవాటు.

"ఉంచండి, ఉంచండి. రేపు సాయంత్రం చూసుకుని నవ్వుకుందాం" అన్నాడు అల్లుడు.

పడుకోబోయే ముందు భార్య ఒక్కసారే అడిగింది. "కచ్చితంగా పది గంటలేనా?"

"లెక్క అబద్ధం చెప్తుందా?" అని అటు తిరిగి పడుకున్నాడు.

ఆదివారం అతను లేచేసరికి ఏడింటికి పావుగంట తక్కువ. లైను పెరిగింది. వేగం కొలిచి చూస్తే రెండొందలకి ఒక్క చుక్క తగ్గలేదు. ఆ అంకె ఉన్న తెరని భార్య ముఖం ముందు పెట్టి, ఆవిడ తల ఊపేదాకా తీయలేదు. సరిగ్గా ఏడింటికి మొదలుపెట్టాడు. పనంతా తనే చేయాలి, ఎవరినీ ముట్టుకోనివ్వడు. తెర మీద సన్నని నీలం గీత కదిలింది. కుర్చీ లాక్కుని దాని ఎదురుగా కూర్చున్నాడు.

"మామయ్యగారేరి?"

"బయటికెళ్ళారు" అంది ఆవిడ కాఫీ వడపోస్తూ.

"అలిగారా?"

ఆవిడ గ్లాసు తెచ్చి అతని ముందు పెట్టింది. ఎనిమిదో ఎక్కానికి కాఫీ రోజూకంటే రుచిగా అనిపించింది.

ఎనిమిదింటికి నూటికి ఎనిమిది వంతులు వెళ్ళింది. పది వెళ్ళాలి. "మొదట్లో అలాగే ఉంటుంది, వేడెక్కాలి" అన్నాడు. వేడెక్కడానికి అదేమన్నా పెనమా? పదింటికి ఇరవై నాలుగు. ముప్పై ఉండాలి. ఇంట్లో ఏదో లైనుని తినేస్తోందని తేల్చాడు. టీవీ తీగ పీకాడు. భార్య ఫోనుకీ తన ఫోనుకీ నెట్ తీసేశాడు, ప్రింటరు ఆపేశాడు. చివరికి హాల్లో గోడ గడియారం మీద కూడా చెయ్యి వేసి, అది బ్యాటరీ మీద నడిచేదని గుర్తొచ్చి, ఎవరైనా చూశారేమోనని అటూ ఇటూ చూసి తీసేశాడు.

గీత తన నడక తను నడుస్తోంది. లైను కంపెనీకి ఫోన్ చేశాడు. ఒకమ్మాయి ఎత్తింది.

"మీరు నన్ను మోసం చేస్తున్నారు. రెండొందలని చెప్పి నూట అరవై ఇస్తున్నారు."

"ఒక్క నిమిషం సార్, చూస్తాను. మీ లైను మీద రెండొందలూ నిండుగా వస్తోంది సార్, ఇక్కడ కనిపిస్తోంది."

"నీకేం కనిపిస్తుంది? బిట్టుకీ బైటుకీ తేడా తెలుసా నీకు? ఎంతవరకు చదువుకున్నావు?"

"తేడా తెలుసు సార్" అందా అమ్మాయి, గొంతు ఏమాత్రం పెంచకుండా. "దారిలో కొంత పోతుంది సార్. తీసుకునేవాళ్ళ వైపు రద్దీ ఉంటే ఇంకొంచెం పోతుంది. మేమైతే సున్నా కొట్టేసి చూసుకుంటాం సార్. ఇంకేమన్నా సహాయం కావాలా?"

ఎనిమిదో ఎక్కం ఫోను పెట్టేశాడు. లోకమంతా తన మీద కక్షగట్టి సున్నాలు కొట్టేస్తోందని అతనికి ఒళ్ళు మండింది.

పన్నెండింటికి నలభై. యాభై ఉండాల్సింది. అతను లెక్క మనిషి, లెక్క వేయకుండా ఉండలేడు. అయిదు గంటల్లో నలభై అయితే వందకి పన్నెండున్నర గంటలు. కాగితం తీసి మళ్ళీ వేశాడు. పన్నెండున్నరే. ఫ్రిజ్ వైపు చూడకూడదనుకుంటూనే చూశాడు. చిన్నగా 7.30 అని ఉంది. అంకెల కింద ఆయనకి అలవాటైన సన్నగీత కూడా ఉంది.

అలాంటప్పుడు మనిషన్నవాడు ఏం చేస్తాడు? తప్పయిందంటాడు. డిస్కు పట్టుకుని పరిగెడతాడు. అప్పటికింకా ఆరు గంటల టైముంది, దారి కూడా ఆరు గంటలే, ఏదో కారు మాట్లాడుకుని పడుతూ లేస్తూ పోవచ్చు. ఎనిమిదో ఎక్కం ఈ రెండూ చేయలేదు. వంటింటి గుమ్మంలో నిలబడి భార్యని అడిగాడు. "ఇంత పెద్ద ఫైలు ఎవరు చెయ్యమన్నారు?"

"కమిటీవాళ్ళు."

"కాస్త తగ్గించి పంపిస్తే ఎవడు చూసేవాడు? అయినా నిన్న సాయంత్రమే మొదలుపెట్టి ఉండాల్సింది."

ఈ మాట అతని నోట్లోంచే వచ్చింది. అన్నాక కూడా అతనికి ఏమీ అనిపించలేదు. ఆవిడ అతని వైపు ఒక్క క్షణం చూసింది, కొత్తవాణ్ణి చూసినట్టు. తర్వాత "భోంచేస్తారా?" అని అడిగింది. అతను తినలేదు. ఆవిడ తిన్నది. కంచం కడిగి, గదిలోకి వెళ్ళి, ఆరు వారాల తర్వాత మొదటిసారి పగలు నిద్రపోయింది.

మూడింటికి అరవై నాలుగు. అప్పుడు భయమేసింది అతనికి, నిజంగా. ఆరేళ్ళు పట్టిన పని తన నోటి దురుసు వల్ల పోతోందని లోపల ఎక్కడో తెలిసింది. తెలిసినదాన్ని మింగలేక ఇంకో ముప్పావుగంట గీతని చూస్తూ కూర్చున్నాడు. నాలుగింటికి పది నిమిషాలుండగా వెళ్ళి గది తలుపు తోశాడు. ఆవిడ హాయిగా పడుకుని ఉంది. ఆ నిద్ర చూసేసరికి భయం కాస్తా కోపమైంది. ఆ దారి అతనికి బాగా అలవాటు.

"లే! ఇంత జరుగుతుంటే నిద్రెలా పడుతోంది నీకు? ఆరింటికి అవదు ఇది."

"తెలుసు" అంది ఆవిడ కళ్ళు తెరవకుండా.

"తెలుసా? తెలిసి పడుకున్నావా? ఏం చేద్దాం ఇప్పుడు?"

పెళ్ళయిన పంతొమ్మిదేళ్ళలో అతను ఏం చేద్దాం అని అడగడం అదే మొదలు. ఆవిడ లేచి కూర్చుని, జుట్టు ముడి వేసుకుని, గడియారం చూసింది. "ఆగండి. ఫోను రావాలి" అంది.

నాలుగు దాటి ఆరు నిమిషాలకి వచ్చింది. ఆవిడ స్పీకరు నొక్కింది.

"అమ్మా, ఇచ్చేశాను" అన్నారు మామగారు. వెనక కార్ల హారన్లు. "దారిలో బస్సు చెడిపోయి గంటన్నర నిలిపేశాడమ్మా, అందుకే ఆలస్యం. ఇక్కడ కూడా చాలామంది ఉన్నారు. డిస్కు పెట్టి మొదట్లో కాస్త, చివర్లో కాస్త ఆడించి చూశారు. అంతా సరిగ్గా ఉందన్నారు. రసీదు మీద టైము వేయించాను. మూడూ యాభై అయిదు."

ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆరేళ్ళ ఏడుపది. "నాన్నా, ఏమన్నా తిన్నావా?" అని మాత్రం అడగగలిగింది.

"తింటానమ్మా. అల్లుడుగారు ఉన్నారా పక్కన?"

అతను పక్కనే ఉన్నాడు. అతను సంతోషించాల్సిన సమయం అది. భార్య సినిమా బతికింది, తన తప్పు వల్ల ఎవరికీ నష్టం రాలేదు, ఇంకేం కావాలి? అతనికి కలిగింది మాత్రం అవమానం. ఇక ముసలాయన ఎత్తి పొడుస్తాడని పళ్ళు బిగించుకుని నిలబడ్డాడు. మనుషులు అందుకే ఫోన్లు చేసుకుంటారని అతని నమ్మకం.

"ఉన్నానండీ" అన్నాడు.

"అల్లుడుగారూ, ఆ చివరి సీను చూశానండీ ఇక్కడ. పక్కనున్న కమిటీ ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. మీరు ఇంట్లో ఎన్నిసార్లు చూసుంటారో. ఎంత బాగుందో కదండీ?"

లెక్కల మాట ఒక్కటీ ఎత్తలేదు ఆయన. ఆయన మనసులో అసలు ఆ సంగతే లేదు.

"అవునండీ. చాలా బాగుంటుంది" అన్నాడు ఎనిమిదో ఎక్కం.

ఫోను పెట్టేశాక అతనే అందుకున్నాడు. "నాకెందుకు చెప్పలేదు? పొద్దున్నుంచి కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాను, ఒక్క మాట చెప్పకూడదా?"

"చెప్తే బస్సు వెళ్ళిపోయేదాకా వాదించేవారు" అంది ఆవిడ. కోపంగా అనలేదు. బియ్యం అయిపోయాయని చెప్పినట్టు చెప్పింది. "నేనే వెళ్తానన్నాను. నాన్నే వద్దన్నారు. నువ్వు కనపడకపోతే మీ ఆయన ఇల్లంతా వెతుకుతాడమ్మా, నేను కనపడకపోతే ఏమీ అనుకోడు అన్నారు. పాపం, మీరు అడిగారు లెండి. అలిగారా అని."

అతను గుమ్మం వైపు తిరిగాడు.

"ఇంతకీ ఏమవుతుంది చివర్లో?" అంది.

"ఎక్కడ?"

"నా సినిమాలో. చాలా బాగుంటుందన్నారుగా ఇప్పుడు."

ఫైలు తొమ్మిది వందల జీబీ అని అతనికి తెలుసు. నిడివి రెండు గంటలని తెలుసు. ఏ డిస్కులో ఏ పేరుతో ఉందో తెలుసు. "పడవ..." అన్నాడు.

"ఆ, పడవ?"

ఆవిడ దుప్పటి మడిచి మంచం చివర పెట్టింది. ఆరేళ్ళలో నాలుగుసార్లు, ఒక్క అరగంట కూర్చుని చూడండి అని అడిగింది అతన్ని. నాలుగుసార్లూ అతను సైజు అడిగి, లైను ఎంతదో అడిగి, లేచిపోయాడు. అవన్నీ ఇప్పుడు ఎత్తలేదు. ఎత్తడానికి అవతల మనిషంటే ఎంతో కొంత లెక్క ఉండాలి.

"ఆ పంపడం ఆపెయ్యనా మరి?" అన్నాడు కాసేపటికి.

"ఎందుకు? కానివ్వండి. ఎప్పటికవుతుందో చూడండి" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఆపేసి లేస్తే పోయేది. కానీ లేవలేదు. ఎక్కడో ఒక ఆశ, ఆఖర్లో గీత ఒక్కసారిగా దూకి, కనీసం ఏడుంపావుకైనా పూర్తయితే, ఆ 7.30 తప్పని తేలుతుందని. ఆరింటికి ఎనభై ఎనిమిది. ఏడింటికి తొంభై ఆరు. సరిగ్గా ఏడున్నరకి గీత అటు చివరికి తగిలింది. పూర్తయింది అని వచ్చింది. దాని కింద ఇంకో వాక్యం వచ్చింది. గడువు దాటినందున ఈ ఫైలు స్వీకరించబడదు.

పక్కగదిలో భార్య తండ్రితో ఫోన్లో మాట్లాడుతోంది. ఎక్కడ పడుకుంటున్నావు, రేపు ఏ బస్సు, దుప్పటి ఇచ్చారా అని అడుగుతోంది. మధ్యలో ఏదో మాటకి గట్టిగా నవ్వింది. ఆ నవ్వు ఈ ఇంట్లో విని చాలా కాలమైందని అతనికి తోచింది. తోచి ఊరుకుంది.

సినిమా ఫైలు ఎదురుగానే ఉంది, ఒక్క నొక్కు దూరంలో. పోనీ చూద్దాం, చివర్లో ఏమవుతుందో రేపు చెప్పొచ్చు, అనుకున్నాడు. నొక్కాడు. తెర నిండా తెల్లవారుజాము నది పరుచుకుంది. ఒడ్డున ఒకామె మోకాళ్ళ లోతు నీళ్ళలో దిగి పడవ తాడు విప్పుతోంది. ఆమె ఇటు తిరిగి ఏదో చెప్పడం మొదలుపెట్టింది.

ఎనిమిదో ఎక్కం చూపు అప్పటికే కింద మూలకి పోయింది. అక్కడ చిన్న అంకెల్లో ఈ సినిమా సెకనుకు ఎన్ని మెగాబిట్లో రాసి ఉంది. వెయ్యి. ఎనిమిదితో భాగించాడు. నూట పాతిక.